మామ సెక్షన్, నా ఫ్యామిలీ

సివిల్ బ్రాంచ్ వాళ్ల పక్కన క్యాంటీన్‌లో కూర్చుంటే మీకు కొన్ని వింత మాటలు వినిపిస్తాయి. "నా ఫ్యామిలీ లోడ్ అవ్వట్లేదు." "నీ ఫ్యామిలీ మరీ హెవీగా ఉందిరా, కొంచెం తగ్గించు." "ఆ ఫ్యామిలీ వద్దు, డిలీట్ చేసి ఇంకోటి పెట్టు." కంగారు పడకండి, ఎవరి ఇంట్లోనూ గొడవలు లేవు. బిల్డింగ్ డిజైన్‌కి వాడే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తలుపు ఒక ఫ్యామిలీ, కిటికీ ఒక ఫ్యామిలీ, కుర్చీ ఒక ఫ్యామిలీ. ఒకే పోలిక, రకరకాల సైజులు. అందుకే ఆ పేరు.

ఈ వ్యాసం నేను చేసిన రెండు ఫ్యామిలీల గురించి. ఒకటి అల్యూమినియం కడ్డీ, ఇంకోటి అద్దం పలక. వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు. కానీ ఈ రెండింటి మీద బడంగ్‌పేట్‌లో మా మామ దుకాణం ఆరు నెలలు ఆధారపడింది. అందుకని రాస్తున్నా. సీఎస్‌ఈ వాళ్లు, ఈసీఈ వాళ్లు కూడా చదవొచ్చు, కష్టమైన లెక్కలు రెండో మూడో మాత్రమే ఉన్నాయి.

ముందు అసలు సంగతి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి రాయదుర్గం దాకా వెళ్లండి. చివరి నాలుగైదు స్టేషన్లలో కిటికీలోంచి కనిపించేదంతా అద్దమే. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఊరంతా వెళ్లి చూసొచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు. 2022 జూన్‌లో టీ-హబ్ కొత్త బిల్డింగ్ తెరిచేనాటికి అద్దాల బిల్డింగ్ అంటే ఎవరూ తల తిప్పి చూడట్లేదు. ఆ అద్దాల గోడనే కర్టెన్ వాల్ అంటారు. పేరులోనే ఉంది, అది తెర. బిల్డింగ్ బరువు మోయదు. స్లాబులు, కాలమ్‌లు, బీములు బరువు మోస్తాయి. ఇది తన బరువు తాను మోసుకుంటూ, గాలిని ఆపుతూ, వానని బయటే ఉంచుతూ స్లాబ్ అంచులకి వేలాడుతుంది. నిలువు కడ్డీలు, అడ్డ కడ్డీలు, మధ్యలో పలకలు. కడ్డీని మలియన్ అంటారు, పలకని ప్యానెల్ అంటారు, అవి ఎక్కడ రావాలో చెప్పే గీతల వలని గ్రిడ్ అంటారు. రెవిట్‌లో కర్టెన్ వాల్ అంటే ఈ మూడే.

ఇప్పుడు ఆ తెర మన వైపు కూడా వచ్చేసింది. కర్మన్‌ఘాట్, చంపాపేట్, మీర్‌పేట్, సాగర్ రోడ్డు పొడవునా చూడండి. కింద బట్టల షాపు, పైన డయాగ్నస్టిక్ సెంటరు, ఆ పైన కోచింగ్ సెంటరు, ముందంతా నీలం అద్దం. అలాంటి అద్దాలు బిగించేవాళ్లలో మా మామ ఒకడు. అమ్మకి తమ్ముడు. పదో తరగతి అయ్యాక ఒక అల్యూమినియం షాపులో హెల్పర్‌గా చేరి, పదేళ్లు చేసి, బడంగ్‌పేట్‌లో సొంతంగా షట్టర్ తీశాడు. మొదట్లో స్లైడింగ్ కిటికీలు, దోమల మెష్, బాత్రూం తలుపులు. తర్వాత షోరూముల ఏసీపీ పని. ఇప్పుడు ఫ్రంట్ ఎలివేషన్లు. నలుగురు పనివాళ్లు, ఒక కటింగ్ మిషన్, రెండు డ్రిల్లులు, గోడకి ఆనించిన అల్యూమినియం బార్లు. దుకాణం అంటే అంతే.

మా మామ దగ్గర కడ్డీని ఎవరూ మలియన్ అనరు. సెక్షన్ అంటారు. కొలతలు అడుగులు, ఇంచులు, సూత్‌లలో ఉంటాయి. ఎనిమిది సూత్‌లు ఒక ఇంచి. ఆయన చిత్తు పుస్తకంలో ఒక్క గీత కూడా స్కేలుతో గీసింది ఉండదు, కానీ ఒక్క కొలత కూడా తేడా రాదు.

పోయినేడాది మామకి పెద్ద పని వచ్చింది. సాగర్ రోడ్డు మీద ఒక కమర్షియల్ కాంప్లెక్స్, కింద పార్కింగ్ వదిలి పైన మూడు అంతస్తుల ముందు భాగం మొత్తం అద్దం. సుమారు 15 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు. మామ రేటు ఒప్పుకున్నారు, పని ఇస్తామన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. షాప్ డ్రాయింగులు రెవిట్ మోడల్‌లోనే ఇవ్వాలి, వాళ్ల మోడల్‌తో కలవాలి. చేతిగీతలు, పీడీఎఫ్‌లు తీసుకోరు. బయట చేయించుకోవచ్చు, లేకపోతే మోడల్ ఉన్న ఇంకో ఫ్యాబ్రికేటర్‌కి ఇస్తామన్నారు. ఆ రాత్రి మామ మా ఇంటికొచ్చి, టీ తాగి, అసలు విషయం చివర్లో అడిగాడు.

"బిడ్డా, గా రెవిట్ అంటే మీ కాలేజీల చెప్పేదేనా?"

"అదే మామా."

"అయితే నా సెక్షన్ అండ్ల పెట్టొచ్చా?"

ఆ ప్రశ్న ఎంత మంచిదో అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అండ్ల ఆయన సెక్షన్ లేదు మరి. రెవిట్ తెరిచి కర్టెన్ వాల్ పెట్టి మలియన్ ఇవ్వమంటే, 50 బై 150 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రం ఇస్తుంది. నిండు కడ్డీ, లోపల బోలు లేదు. మామ వాడే నిలువు సెక్షన్ 60 బై 150, గోడ మందం 3 మిల్లీమీటర్లు, లోపల ఖాళీ. దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. లెక్క కట్టండి. నిండు కడ్డీ అయితే మీటరుకి 20 కిలోల పైన అల్యూమినియం. మామ సెక్షన్ మీటరుకి 3.3 కిలోలు. మోడల్‌లోని ఘనపరిమాణం చూసి ఎవరైనా బరువు లెక్కేస్తే ఆరు రెట్లు ఎక్కువ వస్తుంది. అల్యూమినియం కిలోల్లో కొనే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. మన దగ్గర ఉండేది స్టూడెంట్ లైసెన్స్. దాంతో చదువుకోవచ్చు, డబ్బులొచ్చే పని చేయకూడదు. అందుకని ఎల్బీనగర్‌లో ఉన్న మెయిన్ కాంట్రాక్టర్ ఆఫీస్‌లో ఒక సిస్టం అడిగి, సాయంత్రాలు అక్కడికెళ్లి చేశాను. ఇంట్లో ప్రయత్నం, అక్కడ అసలు ఫైలు.

మొదటి పని సెక్షన్ గీయడం. రెవిట్‌లో మలియన్ ప్రొఫైల్‌కి వేరే టెంప్లేట్ ఉంది. తెరిస్తే రెండు రిఫరెన్స్ ప్లేన్‌లు అడ్డంగా, నిలువుగా కోసుకుంటూ కనిపిస్తాయి. అవి కలిసే చోటు గ్రిడ్ గీత. దాని చుట్టూ సెక్షన్ కోత ఆకారాన్ని గీయాలి. బయట ఒక మూసిన గీత, లోపలి బోలుకి ఇంకో మూసిన గీత, రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ క్యాలిపర్స్ ఎందుకు పట్టుకున్నామో నాకు మామ దుకాణంలో అర్థమైంది. ఒక చిన్న ముక్క కోసి, మూలమూలా కొలిచి, కాగితం మీద వేసుకున్నా.

ఇక్కడ ఒక తమాషా ఉంది. రెవిట్‌కి మరీ చిన్న గీతలు పడవు. సుమారు 0.8 మిల్లీమీటర్ల కంటే పొట్టి గీత గీయబోతే ఒప్పుకోదు. రబ్బరు గ్యాస్కెట్ దూరే గాడిలో ఉండే చిన్న చిన్న వంపులు అంతకంటే చిన్నవి. కంపెనీ వాళ్ల ఆటోక్యాడ్ డ్రాయింగ్ దొరికిందని దాన్ని అలాగే దింపుకుంటే రెండు కష్టాలు. సగం వంపులు రావు. వచ్చినవి వందల కడ్డీల్లో వందలసార్లు తిరిగి లెక్కవుతూ ఫైల్‌ని ఆవులించేలా చేస్తాయి. కాబట్టి ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది మనం తేల్చుకోవాలి. నేను మామని అడిగాను.

"మామా, ఈ సెక్షన్‌లో నీకు ఏం కనబడాలె?"

ఆయన ముక్కని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "ముందు మొహం వెడల్పు. ఎనుకకి లోతు. గోడ మందం. స్క్రూ పట్టే చోటు. మిగిలినయన్నీ డై చేసినోడి తలనొప్పి, మనది కాదు."

నాలుగే విషయాలు. ఆ నాలుగే గీశాను. బీఐఎం పుస్తకాల్లో దీన్ని లెవెల్ ఆఫ్ డెవలప్‌మెంట్ అనీ ఏదో అంటారు, నంబర్లు కూడా ఉంటాయి. మామ ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

అడ్డ సెక్షన్ కూడా అలాగే చేశాం. 60 బై 100, గోడ మందం 2 మిల్లీమీటర్లు, మీటరుకి సుమారు 1.7 కిలోలు. మూలల దగ్గర మాత్రం రెవిట్ మొండికేస్తుంది. మూల మలియన్లు దానికి సొంతవి, ఎల్ ఆకారం, వి ఆకారం అంటూ కొన్ని ఇస్తుంది, వాటికి మన ప్రొఫైల్ తొడగనివ్వదు. అదృష్టం కొద్దీ మా ముందు గోడకి మూల మలుపు లేదు. ఉంటే రెండు మామూలు మలియన్లు పక్కపక్కన పెట్టి నెట్టుకురావాలి. నిజంగా సైటులో చేసేది కూడా చాలాసార్లు అదే.

తర్వాత అద్దం. ఎవరూ పట్టించుకోని ప్రమాదం అసలు ఇక్కడే ఉంది.

రెవిట్ ఇచ్చే మామూలు ప్యానెల్ రెండు కడ్డీల మధ్యలో ఇరుక్కుని కూర్చుంటుంది, తలుపు చట్రంలో చెక్క పలకలాగా. కడ్డీ అంచు ఎక్కడ అయిపోతే అక్కడ అద్దం మొదలు. కానీ స్ట్రక్చరల్ గ్లేజింగ్‌లో అద్దం కడ్డీల మధ్యలో ఉండదు, కడ్డీల ముందు ఉంటుంది. సిలికాన్‌తో అంటించి, పక్క అద్దానికీ దీనికీ మధ్య సన్నటి సందు వదిలి, ఆ సందులో మళ్లీ సిలికాన్ నింపుతారు. బయట నుంచి చూస్తే కడ్డీలే కనపడవు, అద్దం మీద సన్న నల్ల గీతలు మాత్రమే కనిపిస్తాయి.

మా గ్రిడ్ 1880 మిల్లీమీటర్లు. కడ్డీ ముఖం 60. మామూలు ప్యానెల్ అయితే అద్దం వెడల్పు 1820 చూపిస్తుంది. నిజంగా కావలసింది ఎంత? సందు 16 వదిలితే 1864. తేడా 44 మిల్లీమీటర్లు. ఎత్తులోనూ అంతే తేడా. ఇప్పుడు ఎవరైనా ఆ మోడల్‌లోంచి షెడ్యూల్ తీసి గ్లాస్ ఫ్యాక్టరీకి పంపారనుకోండి. టఫెండ్ గ్లాస్ కదా, ముందు సైజుకి కోసి ఆ తర్వాత కాలుస్తారు. కాల్చాక ఇక కొయ్యడం కుదరదు. కోయబోతే మొత్తం పగిలి గింజలవుతుంది. మా గోడకి 8 వరసలు అడ్డంగా, 9 నిలువుగా, మొత్తం 72 అద్దాలు. ఒక్కోటి 30 కిలోల పైన. 44 మిల్లీమీటర్లు తక్కువ వచ్చిన 72 అద్దాలని ఏం చేస్తారు? దుకాణం ముందు పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి. గ్లాస్ ఆర్డర్‌కి మామ కట్టే అడ్వాన్స్ అత్త నగలు బ్యాంకులో పెట్టి తెచ్చింది. నాకు ఆ 44 అనే అంకె అందుకే ఇంకా గుర్తుంది.

దీనికి కస్టమ్ ప్యానెల్ ఫ్యామిలీ కావాలి. కర్టెన్ వాల్ ప్యానెల్ టెంప్లేట్ తెరిస్తే ఎడమ, కుడి, పైన, కింద నాలుగు రిఫరెన్స్ ప్లేన్‌లు ఉంటాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఈ ఫ్యామిలీలో వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అని మనం చెప్పం. గ్రిడ్ చెప్తుంది. మన పని అద్దాన్ని ఆ నాలుగు ప్లేన్‌లకి తాళం వేసి కట్టేయడం. గ్రిడ్ సాగితే అద్దం సాగుతుంది, ముడుచుకుంటే ముడుచుకుంటుంది. నేను ఆ నాలుగింటికీ బయట ఇంకో నాలుగు ప్లేన్‌లు వేసి, మధ్య దూరానికి ప్యారామీటర్ ఇచ్చాను. కడ్డీ 60లోంచి సందు 16 తీసేస్తే 44, అందులో సగం 22. అంటే అద్దం ప్రతి పక్కకీ కడ్డీ మీదికి 22 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. నాలుగు వైపులకీ నాలుగు వేరే ప్యారామీటర్లు ఎందుకంటే, గోడ చివర్లలో ఉన్న అద్దానికి పక్కన ఇంకో అద్దం ఉండదు, అక్కడ లెక్క వేరు. అందుకే వాటిని టైప్‌కి కాకుండా ఒక్కో అద్దానికి విడిగా మార్చుకునేలా పెట్టాను.

జూనియర్స్‌కి ఒక సలహా. ఫ్యామిలీ చేశాక ప్రాజెక్టులో పెట్టేముందు దాన్ని అటూ ఇటూ సాగదీసి చూడండి. 300 మిల్లీమీటర్లకి తగ్గించండి, 3 మీటర్లకి పెంచండి. విరక్కపోతే అప్పుడు లోడ్ చేయండి. పెట్టాక ఒక్క ప్యానెల్‌ని మాత్రం మార్చాలంటే దాని అంచు మీద మౌస్ పెట్టి ట్యాబ్ నొక్కుతూ పోవాలి. మొదట మొత్తం గోడ వెలుగుతుంది, తర్వాత గ్రిడ్, తర్వాత ప్యానెల్. అది దొరికాక పక్కన కనిపించే పిన్ను తీస్తేనే మార్చనిస్తుంది. ట్యాబ్ సంగతి తెలియక సెమిస్టర్ అంతా కర్టెన్ వాల్‌ని తిట్టుకున్నవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు.

అద్దం గోడల్లో చిన్న వివరం ఎంత పెద్ద దెబ్బ కొడుతుందో తెలియాలంటే అమెరికాలో బోస్టన్‌లోని జాన్ హాంకాక్ టవర్ కథ చదవండి. 60 అంతస్తుల బిల్డింగ్. 1973లో గాలికి అద్దాలు ఊడి రోడ్డు మీద పడటం మొదలైంది. ఊడిన చోటల్లా ప్లైవుడ్ కొట్టారు, జనం దాన్ని ప్లైవుడ్ ప్యాలెస్ అని ఎగతాళి చేశారు. చివరికి 10,344 అద్దాలూ మార్చారు. కారణం బిల్డింగ్ ఊగడం కాదు, రెండు పొరల అద్దాల మధ్య అతుకు మరీ బిగుసుగా ఉండటం. అద్దానికి కాస్త కదిలే చోటు ఇవ్వలేదు, అంతే.

కదిలే చోటు గురించి మా మామకి ఎవరూ క్లాసు చెప్పలేదు. నిలువు కడ్డీలు అంతస్తుకి ఒకటి చొప్పున వేస్తారు. కింది కడ్డీ, పై కడ్డీ కలిసే చోట లోపల స్లీవ్ పెట్టి, మధ్యలో సందు వదులుతారు. ఎంత అని అడిగితే "మూడు సూత్" అన్నాడు. ఎందుకంటే "ఎండకి పెరుగుతది". నేను లెక్క కట్టాను. 3.35 మీటర్ల కడ్డీ, 40 డిగ్రీల తేడా, అల్యూమినియం వ్యాకోచ గుణకం ఒక డిగ్రీకి మీటరుకి 0.023 మిల్లీమీటర్లు. వచ్చింది 3.1 మిల్లీమీటర్లు. మామ వదిలేది మూడు సూత్‌లు, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. మూడు రెట్లు ఎందుకు? సందులో నింపే సిలికాన్ మంచిదైతే తన వెడల్పులో సగం దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది. అంటే 3.1 కదలడానికి కనీసం 6.2 వెడల్పు సందు కావాలి. దానికి స్లాబ్ కొంచెం కిందికి వంగడం, కోతలో తేడాలు కలపండి. తొమ్మిదిన్నర దగ్గరికి వస్తాం. మోడల్‌లో స్లీవ్ దగ్గర 10 పెట్టాను. మామ చూసి "సగం మిల్లీ ఎక్కువ పెట్టినవ్, పర్లే" అన్నాడు.

గాలి లెక్క కూడా చూశాను. మన కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 44 మీటర్లు. దాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి సుమారు 1160 న్యూటన్లు. ఎత్తుకీ పరిసరాలకీ ఉండే ఫ్యాక్టర్లు పెట్టకముందు లెక్క ఇది. ఈ ఒత్తిడికి 60 బై 150 కడ్డీ 3.35 మీటర్ల ఎత్తులో మధ్యలో 15 మిల్లీమీటర్లు వంగుతుంది. సాధారణంగా ఒప్పుకునే హద్దు ఎత్తుని 175తో భాగిస్తే వచ్చే 19. సరిపోయింది. ఖర్చు తగ్గుతుందని నిలువుకి కూడా 100 లోతు సెక్షన్ వాడితే 60 మిల్లీమీటర్ల దాకా వంగుతుంది, అసలు పనికిరాదు. సంతకం పెట్టాల్సింది స్ట్రక్చరల్ కన్సల్టెంట్, ఆయన పూర్తి లెక్కలు చూసి పెట్టారు. కానీ థర్డ్ ఇయర్‌లో రాసిన సింప్లీ సపోర్టెడ్ బీమ్ సూత్రం మామ దుకాణంలో గోడకి ఆనించిన కడ్డీకి సరిపోయినప్పుడు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఇంక అసలు గొడవ గ్రిడ్ దగ్గర వచ్చింది. ఆర్కిటెక్ట్ మోడల్‌లో గ్రిడ్ 1900 మిల్లీమీటర్లు. 8 భాగాలు, మొత్తం 15.2 మీటర్లు. చూడటానికి బాగుంది. మామ ఆ కాగితం చూసి మొహం అదోలా పెట్టాడు.

"ఇంచి తగ్గిస్తే బాగుండు."

"ఎందుకు మామా?"

"బార్ పన్నెండు అడుగులే వస్తది కదా."

నేను ఫోన్ తీసి లెక్కేశాను. 12 అడుగులంటే 3658 మిల్లీమీటర్లు. గ్రిడ్ 1900 అయితే రెండు నిలువుల మధ్య అడ్డ కడ్డీ ముక్క 1840. రెండు ముక్కలకి 3680 కావాలి. బార్‌లో ఉన్నది 3658. 22 మిల్లీమీటర్లు తక్కువ. అంటే ఒక బార్‌లో ఒక ముక్కే వస్తుంది, మిగిలిన దాదాపు సగం బార్ ఇంకెక్కడా సరిపోని తుక్కు. అదే గ్రిడ్ 1880 అయితే ముక్క 1820, రెండు ముక్కలు 3640, కోతకి 18 మిల్లీమీటర్లు మిగులుతాయి. గోడ మొత్తంలో అడ్డ ముక్కలు 80. ఒక లెక్కలో 80 బార్లు, ఇంకో లెక్కలో 40. తేడా దగ్గర దగ్గర 246 కిలోల అల్యూమినియం. పావు టన్ను. మామ ఇదంతా నోటితో "ఇంచి" అని తేల్చేశాడు. 20 మిల్లీమీటర్లు అంటే ఇంచి కంటే కొంచెం తక్కువే.

మామ ఈ మాట సైటులో రెండుసార్లు చెప్పాడట. "డ్రాయింగ్ ప్రకారం చెయ్యండి" అన్నారట. చిత్తు పుస్తకంలో రాసి చూపించాడట. అది ఎవరూ చూడలేదు.

మీటింగ్ రోజు నేను కూడా వెళ్లాను. ఏసీ గది, పెద్ద స్క్రీన్, ఆర్కిటెక్ట్ మేడమ్, కోఆర్డినేటర్ సార్, ఇంకో ఇద్దరు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు. కర్టెన్ వాల్ టైప్‌లో నిలువు గ్రిడ్‌కి లేఔట్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. ఫిక్స్‌డ్ డిస్టెన్స్ పెట్టి, దూరం 1900 నుంచి 1880 చేసి, జస్టిఫికేషన్ మధ్యకి మార్చాను. గోడంతా ఒక్కసారి సర్దుకుంది. రెండు చివర్లా 80 మిల్లీమీటర్ల చొప్పున మిగిలింది. అద్దాలన్నీ వాటంతట అవే కొత్త సైజుకి వచ్చాయి, ఎందుకంటే తాళాలు సరిగ్గా వేసి ఉన్నాయి. పక్కన షెడ్యూల్‌లో ముక్కల పొడవు 1840 నుంచి 1820 అయింది. బార్ల లెక్క ఇంకో కాగితంలో చూపించాను.

ఆర్కిటెక్ట్ మేడమ్ కాసేపు చూసి, "చివర్లో ఆ 80కి ఏసీపీ పట్టీ వేస్తే కాలమ్ లైన్‌కి కలుస్తుంది కదా, బాగానే ఉంటుంది" అన్నారు. కోఆర్డినేటర్ సార్ "గుడ్ పాయింట్" అని నావైపు చూసి అన్నారు.

నేను "ఇది మా మామ చెప్పిన పాయింట్ సార్" అన్నాను. అందరూ చివరి కుర్చీ వైపు తిరిగారు. మామ ఏం మాట్లాడలేదు. మంచినీళ్ల గ్లాసు అందుకుని తాగాడు.

పని మాకే వచ్చింది. సంతోషమే. కానీ ఇంటికొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని నేను ఒకటే ఆలోచించాను. అదే మనిషి, అదే లెక్క, అదే ఇంచి. పుస్తకంలో ఉన్నప్పుడు అది మాట, స్క్రీన్ మీదికొచ్చాక అది పాయింట్. సాఫ్ట్‌వేర్ ఇక్కడ కొత్తగా ఏం కనిపెట్టలేదు. ఆయన తెలివిని వాళ్లకి అర్థమయ్యే లిపిలో రాసింది, అంతే. మన చదువు చాలావరకు ఈ లిపి నేర్చుకోవడమేనేమో అనిపించింది. లిపి వచ్చినవాళ్లు మాట్లాడేది నిజం, రానివాళ్లు మాట్లాడేది అడ్డు అనుకునే చోట, లిపి వచ్చినవాళ్లకి కొంచెం బాధ్యత ఎక్కువ. ఆ గదిలో నేను లేకపోతే 40 బార్ల తుక్కు మామ ఖాతాలో పడేది. మామ లేకపోతే నా మోడల్‌లో 1900 అలాగే అందంగా ఉండిపోయేది.

కథ అక్కడితో అయిపోలేదు. రెండు వారాల తర్వాత ఆఫీస్ నుంచి మెయిల్ వచ్చింది. మోడల్‌తో పాటు ఒరిజినల్ ఫ్యామిలీ ఫైళ్లు కూడా విడిగా ఇవ్వమని. ఫైలు ఇస్తే అందులో సెక్షన్ ఉంటుంది, అద్దం ఎక్కే 22 ఉంటుంది, సందు 16 ఉంటుంది, స్లీవ్ దగ్గర వదిలే 10 ఉంటుంది. తర్వాతి పనికి దాన్నే ఇంకో ఫ్యాబ్రికేటర్ చేతిలో పెట్టి తక్కువ రేటుకి చేయించుకోవచ్చు. మామకి ఈ విషయం చెప్పాను. ఆయన సిలికాన్ గన్ కింద పెట్టి అడిగాడు.

"ఇయ్యకపోతే?"

"బిల్లు లేటు చేస్తరేమో మామా."

"ఇస్తే మల్ల పని మనకే ఇస్తరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు. మామ ఒప్పంద కాగితం తెప్పించి చదివించాడు. అందులో రాసింది కోఆర్డినేషన్ మోడల్ ఇవ్వాలని. అంటే బయటి ఆకారం, కొలతలు, ఎక్కడ ఏముందో తెలిసేలా. అది ఇచ్చాం. కోత లెక్కలు, ఏ బార్‌లోంచి ఏ ముక్క, ఎక్కడ ఎంత వదలాలి అన్నవి మోడల్‌లోంచి తీసి దుకాణం పుస్తకంలోకి మార్చాం. వాళ్లు మళ్లీ అడగలేదు. పెద్ద కంపెనీలు కూడా ఇలాగే చేస్తాయని తర్వాత తెలిసింది. షాప్ లెక్కలు షాప్‌లోనే ఉంటాయి. చిన్న దుకాణానికి ఆ హక్కు ఉందని ఎవరూ చెప్పరు, అంతే తేడా.

అద్దం గోడల మీద నాకు గుడ్డి ప్రేమ ఏం లేదు. ఆ ముందు భాగం పడమర వైపు. ఏప్రిల్ మధ్యాహ్నం మూడింటికి అక్కడ నిలబడితే తెలుస్తుంది. మన ఎనర్జీ కోడ్ ఈసీబీసీ 2017 సూటి పద్ధతిలో గోడ విస్తీర్ణంలో అద్దం 40 శాతం దాటొద్దంటుంది. మన వాతావరణంలో ఎండ వేడిని లోపలికి రానిచ్చే గుణకం ఉత్తరం వైపు తప్ప మిగతా దిక్కుల్లో 0.27 మించొద్దంటుంది. నీలం రంగు చూసి కొనే అద్దానికి ఈ నంబర్ అడిగేవాళ్లు మన సాగర్ రోడ్డు మీద తక్కువ. నా ప్యానెల్ ఫ్యామిలీలో దానికి ఒక ఖాళీ గడి పెట్టాను. గ్లాస్ కొనేటప్పుడు మామ డీలర్‌ని ఆ నంబర్ అడిగాడు. డీలర్ ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడట. గడి నిండింది. అదొక చిన్న గెలుపు.

ఇప్పుడు పని రెండో అంతస్తు దాటింది. పైఅంతస్తు అద్దాలు ఫ్యాక్టరీలో ఉన్నాయి. వచ్చిన 48 అద్దాల్లో ఒక్కటీ వెనక్కి పోలేదు. అత్త నగలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, చివరి బిల్లు, దాంతో ఆపిపెట్టుకున్న డబ్బులు వచ్చాక విడిపిస్తారు.

నాకు వచ్చే నెల క్యాంపస్ డ్రైవ్ ఉంది. మన ఊళ్లో కూర్చుని ఎక్కడో విదేశాల్లో లేచే బిల్డింగులకి మోడళ్లు చేసే కంపెనీలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి వస్తోంది. రాస్తాను. వస్తే చేరతాను. మామే చేరమన్నాడు, "అక్కడ నేర్చుకో, ఆదివారం మా లెక్కలు చూడు" అన్నాడు. ఆదివారాలు ఆయనకే రాసిచ్చాను.

మీలో రెవిట్ నేర్చుకుంటున్నవాళ్లకి ఒక విన్నపం. ఇంటర్నెట్‌లో అమెరికా సెక్షన్ల ఫ్యామిలీలు వేలల్లో దొరుకుతాయి. మన దుకాణాల్లో అమ్మే సెక్షన్లవి వెతికితే దొరకవు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, మీర్‌పేట్‌లోనో, మీ ఊరి మెయిన్ రోడ్డు మీదో ఒక అల్యూమినియం షాపు ఉంటుంది. వెళ్లి ఒక ముక్క అడగండి, కొలవండి, గీయండి. ఆ షాపాయన దేన్ని ముఖ్యం అంటాడో అడిగి రాసుకోండి. నా రెండు ఫ్యామిలీలు, దుకాణం లెక్కలు తీసేసి, డిపార్ట్‌మెంట్ ల్యాబ్ సిస్టంలో పెట్టాను. కావలసినవాళ్లు తీసుకోండి. మీది ఒకటి అందులో వేసి వెళ్లండి.